పంచేవాడు చెప్పాల్సిన లెక్క



1750ల లండన్‌లో జేమ్స్ డాడ్సన్ అనే లెక్కల మాస్టారు జీవిత బీమా చేయించుకుందామని అమికబుల్ సొసైటీని అడిగాడు. 1706లో మొదలైన ఆ సంఘం, వయసు 45 దాటిందని ఆయన్ని కాదంది. ఆ సంఘం నియమం విచిత్రంగా ఉండేది. 12 ఏళ్ళ నుంచి 45 ఏళ్ళ దాకా ఎవరు చేరినా చందా ఒకటే. ఇరవయ్యేళ్ళ కుర్రాడు కట్టేదీ అంతే, నలభై నాలుగేళ్ళ సంసారి కట్టేదీ అంతే. పైకి చూస్తే అంతా సమానమే. కానీ కుర్రాడి డబ్బుతో పెద్దాయన బీమా నడిచేది.

డాడ్సన్ లండన్ చావుల పట్టీలు ముందేసుకుని, ఏ వయసువాళ్ళు ఎందరు పోతున్నారో లెక్కగట్టాడు. చేరేనాటి వయసును బట్టి ప్రీమియం ఉండాలి, ఒకసారి నిర్ణయించాక అది మారకూడదు అన్నాడు. 1757లో ఆయన కన్నుమూశాడు. ఆయన లెక్క నమ్మినవాళ్ళు 1762లో ఒక సంఘం పెట్టి, పేరులోనే ఎక్విటబుల్ అనే మాట చేర్చుకున్నారు. ఈనాడు బీమా ఏజెంటు ఇంటికొచ్చి ముందుగా పుట్టినతేదీ అడుగుతున్నాడంటే, ఆ మాస్టారి లెక్క ఇంకా నడుస్తున్నట్టే.

ఎక్విటబుల్‌కు చివర ‘లీ’ చేరిస్తే వచ్చే క్రియావిశేషణమే ఈ పూట ప్రసంగ విషయం. ఎక్విటబ్లీ. మొదటి అక్షరం ఎకారమే, అది కూడా పొట్టిది. మనవాళ్ళు ఈక్విటీ అని సాగదీసే అలవాటు షేర్ మార్కెట్ నేర్పింది.

ఇంగ్లీషులో న్యాయంగా, సమంగా అనడానికి క్రియావిశేషణాలు చాలా ఉన్నాయి. ఒక్కొక్కదానికి ఒక్కో చోటు. ఫెయిర్లీ అన్నింటికన్నా జారుడు మాట. ‘హీ ప్లేడ్ ఫెయిర్లీ’ అంటే మోసం లేకుండా ఆడాడని. చివర ‘వెల్’ అనే చిన్న మాట పడిందా, ‘హీ ప్లేడ్ ఫెయిర్లీ వెల్’ అంటే ఓ మోస్తరుగా ఆడాడని. నీతి పోయి మోతాదు మిగులుతుంది. జస్ట్‌లీ శిక్షల దగ్గర, కీర్తి దగ్గర కనిపిస్తుంది: ఫలానావాడు జస్ట్‌లీ ఫేమస్ అంటే ఆ పేరుకు తగినవాడని. ఈవెన్లీ గోడకు వేసే రంగుకు సరిపోతుంది. ఇంపార్షియల్లీ న్యాయమూర్తులకు, అంపైర్లకు వాడేది.

ఎక్విటబ్లీ పంపకాల దగ్గర తిరిగే మాట. పంచడం, కేటాయించడం, భాగించడం లాంటి క్రియల పక్కనే దాన్ని చూస్తాం. బల్ల ముందు కూర్చున్న పిల్లలతో ‘చాక్లెట్ ఎక్విటబ్లీ పంచుకోండర్రా’ అని ఇంగ్లీషు తల్లి కూడా అనదు; ఇది ఒప్పందాల్లో, తీర్పుల్లో, ఐక్యరాజ్యసమితి పత్రాల్లో బతికే మాట. ఈమధ్య ఆఫీసు ఈమెయిళ్ళలోకీ వచ్చింది. పని ఎక్విటబ్లీ పంచుతామని మేనేజరు రాస్తాడు. తీరా చూస్తే ఉన్న పనిని తలల లెక్కన కోసి ఉంటాడు. అలా చేసినప్పుడు రాయాల్సిన మాట ఈక్వల్లీ. ఈక్వల్లీ పంచడానికి తలలు లెక్కపెట్టడం వస్తే చాలు. ఎక్విటబ్లీ పంచినవాడు మాత్రం ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఎందుకు పెట్టాడో చెప్పాలి. చెప్పకపోతే ఆ మాట వాడే హక్కు అతనికి లేదనే ఈ ప్రసంగం వాదం.

ఈ వాదం కొత్తదేమీ కాదు. అరిస్టాటిల్ తన నీతిశాస్త్ర గ్రంథం అయిదో భాగంలో దీని గురించి మాట్లాడాడు. చట్టం అందరికీ కలిపి రాసేది కాబట్టి కొన్ని సందర్భాలు దానికి అందవు, అక్కడ దాన్ని సరిదిద్దాలి అన్నాడు. ఉదాహరణకు లెస్బోస్ ద్వీపంలో మేస్త్రీలు వాడే సీసపు కొలబద్దను చూపించాడు. ఇనుప బద్ద వంగదు. సీసపు బద్ద రాయి వంపును బట్టి వంగి, ఆ వంపునే కొలుస్తుంది.

వంగే కొలబద్ద ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఇంగ్లండుకు వచ్చింది. అక్కడి సాధారణ న్యాయస్థానాలు కాగితం దాటి చూసేవి కావు. ఒకడు యుద్ధానికి పోతూ, తన పిల్లల కోసం చూడమని నమ్మకంగా స్నేహితుడి పేర పొలం రాసి వెళ్తే, ఆ స్నేహితుడు తిరగబడి పొలం నాదే అంటే, కోర్టు అవును నీదే అనేది. దిక్కులేనివాళ్ళు రాజుగారి ఛాన్సలర్ దగ్గరికి పోయేవారు. ఆయన స్నేహితుడి మనస్సాక్షిని పట్టుకుని, పొలం పిల్లలకే దక్కేలా చేసేవాడు. అలా పెరిగిన న్యాయానికి ఈక్విటీ అని పేరు. 1615లో ఎర్ల్ ఆఫ్ ఆక్స్‌ఫర్డ్ కేసులో రెండు కోర్టులూ తలపడ్డాయి. ఒకవైపు ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ కోక్, మరోవైపు ఛాన్సలర్ ఎలెస్మియర్. మరుసటి ఏడాది రాజు మొదటి జేమ్స్ ఛాన్సలర్ వైపే మొగ్గాడు.

జాన్ సెల్డన్ అనే పండితుడు దీని మీద వేసిన ఎత్తిపొడుపు మూడు వందల ఏళ్ళకు పైగా న్యాయవాదుల నోళ్ళలో నానుతోంది. ఛాన్సలర్ అంతరాత్మను బట్టి న్యాయం కొలిస్తే, ఆయన పాదాన్ని బట్టి అడుగు అనే కొలతను పెట్టుకున్నట్టే అవుతుందని ఆయన వాదన. ఒకాయన పాదం పొడుగు, ఇంకొకాయనది పొట్టి. కారణం చెప్పని ఈక్విటీ మొహం చూసి బొట్టు పెట్టడమే అవుతుందన్న భయం అది. ఆ భయం లోంచే ఛాన్సలర్లు మెల్లగా తమకు తాము కొన్ని సూత్రాలు రాసుకున్నారు. వాటిలో ఒకటి ఈ ప్రసంగానికి చాలా ముఖ్యం: తేడా చూపడానికి కారణం కనబడకపోతే సమానంగానే పంచాలి. ఈక్వల్లీకీ ఎక్విటబ్లీకీ ఆజన్మ వైరం ఉన్నట్టు మాట్లాడేవాళ్ళు ఈ సూత్రాన్ని మర్చిపోతారు. సమానం నుంచి పక్కకు జరిగినవాడిదే రుజువు చేయాల్సిన బాధ్యత.

ఛాన్సలర్ నడిపిన ఈ ఛాన్సరీ కోర్టు తర్వాత తర్వాత ఆలస్యానికి మారుపేరై, డికెన్స్ నవల బ్లీక్ హౌస్‌కు వస్తువైంది. 1873, 1875 చట్టాలతో రెండు రకాల కోర్టులూ కలిసిపోయాయి. ఆ కోర్టు పోయినా దాని పదాలు మాత్రం మన బ్యాంకుల్లో బతికే ఉన్నాయి. ఇంటి దస్తావేజులు బ్యాంకులో పెట్టి లోన్ తీసుకునేటప్పుడు మేనేజరు ఈక్విటబుల్ మార్ట్‌గేజ్ అంటాడే, అది 1783లో ఛాన్సరీ కోర్టు ఒప్పుకున్న పద్ధతి. రిజిస్టర్డ్ తనఖా రాయకపోయినా, కాగితాలు అప్పగించాడంటే తనఖా పెట్టే ఉద్దేశం ఉన్నట్టేనని ఆ కోర్టు అంది. మన 1882 ఆస్తి బదిలీ చట్టంలోనూ దానికి చోటుంది. షేర్ మార్కెట్ ఈక్విటీకీ ఆ కొంపతోనే చుట్టరికం. గడువు దాటినా అప్పు తీర్చి ఆస్తి విడిపించుకునే హక్కును ఛాన్సరీ కాపాడింది. అప్పు పోగా యజమానికి మిగిలే విలువకు క్రమంగా ఈక్విటీ అనే పేరు స్థిరపడింది. కంపెనీ అప్పులు పోగా వాటాదారుకు మిగిలేదీ అదే.

డాడ్సన్ లెక్కతో పుట్టిన సంఘం కథ 2000లో ఇంకో మలుపు తిరిగింది. ఎక్విటబుల్ లైఫ్ అనే పేరుతో నడుస్తున్న ఆ సంస్థ 1957 నుంచి 1988 దాకా అమ్మిన కొన్ని పాలసీల్లో, పింఛను రేటు ఫలానాదానికి తగ్గదని హామీ ఇచ్చింది. 1990లలో వడ్డీలు పడిపోవడంతో ఆ హామీ గుదిబండైంది. హామీ వాడుకున్నవాళ్ళకు చివరి బోనస్ తగ్గించి, లేనివాళ్ళతో సమం చేయాలని డైరెక్టర్లు చూశారు. బోనస్ నిర్ణయించే అధికారం మాదే, అందరికీ న్యాయం చేస్తున్నాం అన్నారు. హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. ఆ విచక్షణాధికారం ఇచ్చిన హామీని మింగేయడానికి కాదంటూ ఆ ఏడాది జులైలో తీర్పిచ్చింది. డిసెంబరులో సంస్థ కొత్త పాలసీలు అమ్మడం ఆపేసింది. పేరులో ఎంత గొప్ప మాట ఉన్నా పంచేవాడి చేతికి అదుపు కావాలని ఇంతకన్నా ఖరీదైన పాఠం బీమా రంగంలో దొరకదు.

కాపురాలు విడిపోయే చోట ఈ మాట ఇంకా సూటిగా పనిచేస్తుంది. అమెరికాలో తెలుగువాళ్ళు బాగా స్థిరపడ్డ మూడు రాష్ట్రాలనే చూడండి. కాలిఫోర్నియాలో విడాకులైతే, వేరే ఒప్పందం లేకపోతే, పెళ్ళయ్యాక కూడబెట్టినదాన్ని సగం సగం చేస్తారు. అక్కడి చట్టం మాట ఈక్వల్లీ. టెక్సాస్ చట్టం న్యాయమూర్తికి సబబుగా, సరిగా తోచినట్టు పంచమంటుంది. న్యూజెర్సీ, దాని పక్కనున్న న్యూయార్క్ మాత్రం ఎక్విటబ్లీ దారి పట్టాయి. న్యూయార్క్ 1980లో తెచ్చిన చట్టంలో ఈ క్రియావిశేషణమే ఉంది. పెళ్ళయి ఎన్నాళ్ళైంది, ఎవరి వయసెంత, ఆరోగ్యం ఎలా ఉంది, రేపటి సంపాదన ఎంత, ఇంట్లో ఉండి పిల్లల్ని పెంచినవాళ్ళ పాత్ర ఎంత అని న్యాయమూర్తి వరసగా చూడాలి. హెచ్-4 వీసా మీద వెళ్ళి ఏళ్ళ తరబడి ఉద్యోగం లేకుండా ఇల్లు నడిపిన భార్యకు ఈ జాబితాలోని ఆఖరి అంశం ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. అయితే ఆ జాబితా చూశాక సగానికి తక్కువ వచ్చే అవకాశమూ ఉంది. ఎక్విటబ్లీ బలహీనుల పక్షం అని అనుకోవడం తొందరపాటు. అది కారణాల పక్షం.

ప్రహరీ మీంచి బేస్‌బాల్ చూస్తున్న ముగ్గురు పిల్లల బొమ్మ చాలామందికి తెలిసే ఉంటుంది. 2012లో సిన్సినాటి విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ క్రెయిగ్ ఫ్రోల్ గీసిన బొమ్మకు ఎన్నో రూపాలు వచ్చాయి. అందరికీ ఒక్కో పెట్టె ఇస్తే పొట్టివాడికి ఆట కనబడదు. పొడుగువాడి పెట్టె తీసి పొట్టివాడికి ఇస్తే అందరికీ కనబడుతుంది. శిక్షణ తరగతుల్లో తరచూ చూపించే బొమ్మ ఇది. మంచి బొమ్మే. కానీ పెట్టెలు పంచేవాడు అందులో కనబడడు. ఆ పెట్టెలు ఎవరివి, ఎవరెంత పొడుగో కొలిచిందెవరు, నా పెట్టె ఎందుకు తీశావని పొడుగువాడు అడిగితే జవాబేమిటి? అసలు గొడవంతా బొమ్మ బయటే ఉంది.

ఆ గొడవ తెలుగువాళ్ళకు కృష్ణా నది దగ్గర బాగా తెలుసు.

నదుల విషయంలో ఈ మాటను ముందుగా నలగ్గొట్టింది అమెరికా సుప్రీంకోర్టు. 1907లో కాన్సస్, కొలరాడో రాష్ట్రాల తగాదాలో, రాష్ట్రాల హక్కులు సమానమని అంది. 1931లో కనెక్టికట్, మసాచుసెట్స్ తగాదాలో, హక్కు సమానమైనంత మాత్రాన నీళ్ళు సమానంగా పంచనక్కర్లేదని స్పష్టం చేసింది. అంతర్జాతీయ నదుల పంపకం కోసం రాసిన 1966 హెల్సింకి నియమాలు ఏమేం చూడాలో జాబితా ఇచ్చాయి: పరీవాహక ప్రాంతం, వానలు, పాత వాడకం, జనాభా అవసరాలు, వేరే నీటి వసతి, వృథా. జాబితాలో దేనికెంత బరువో మాత్రం చెప్పలేదు. అక్కడే వస్తుంది చిక్కు.

కృష్ణా నీళ్ళ విషయంలో జస్టిస్ బచావత్ ట్రైబ్యునల్ 1973లో ఆ బరువులు తూచింది. నూటికి 75 ఏళ్ళు నమ్మదగిన నీళ్ళు 2060 టీఎంసీలని తేల్చింది. మూడు రాష్ట్రాలకు సమంగా పంచితే తలా 686కు పైన వచ్చేవి. పరీవాహక ప్రాంతం చూస్తే కర్ణాటకది దాదాపు 44 శాతం, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది 30 శాతం లోపు. ఆ లెక్కన కర్ణాటకకే పెద్ద వాటా రావాలి. వచ్చింది మాత్రం మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800. కారణం పాత వాడకం. 1960 సెప్టెంబరు నాటికి నడుస్తున్న, చేపట్టిన ప్రాజెక్టులకు రక్షణ ఉండాలని ట్రైబ్యునల్ భావించింది. బెజవాడ దగ్గర 1855లో పూర్తయిన ఆనకట్ట కింద తరతరాలుగా సాగవుతున్న డెల్టా ఉంది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఉంది. అలా రక్షణ పొందిన వాడకమే ఆంధ్రప్రదేశ్‌కు 749.16 టీఎంసీలు తేలింది.

మిగిలిన 50.84లో 33 శ్రీశైలం జలాశయంలో ఆవిరయ్యే నీళ్ళకు పోయాయి. 17.84 పాలమూరులోని జూరాల ప్రాజెక్టుకు దక్కాయి. ఈ చివరి అంకె వెనక కారణం చదివితే ఈ క్రియావిశేషణం నిజంగా పనిచేయడం అంటే ఏమిటో తెలుస్తుంది. 1956లో హైదరాబాద్ రాష్ట్రం విడిపోకుండా ఉంటే పాలమూరు ప్రాంతానికి సాగునీటి వసతి వచ్చి ఉండేదని, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ వల్ల అది పోయిందని ట్రైబ్యునల్ గుర్తించి, ఆ నష్టానికి ప్రత్యేకంగా కొంత నీరు కేటాయించింది. ముందు మొదలుపెట్టినవాడికే రక్షణ అనే సూత్రం, మొదలుపెట్టే అవకాశం దొరకనివాడికి అన్యాయం చేస్తుందని ఆ చిన్న అంకె ఒప్పుకుంది. ఒప్పుకున్నంత మేరకు ఇచ్చిందా అంటే, పాలమూరు వలసలు చూసినవాళ్ళెవరూ అవుననరు.

2014లో రాష్ట్రం విడిపోయాక ఆ వాదమే పెద్దదై తిరిగొచ్చింది. ఉమ్మడి రాష్ట్రపు ఆస్తులూ అప్పులూ చాలావరకు జనాభా నిష్పత్తిలో, ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతంగా పంచారు. తలల లెక్క కాబట్టి చెప్పడం సులువు. కృష్ణా నీళ్ళకు ఆ సూత్రం పెట్టలేదు. వాడాక తిరిగి నదిలో చేరే నీళ్ళతో కలిపి లెక్కగట్టిన 811 టీఎంసీల్లో 512 ఆంధ్రప్రదేశ్‌కు, 299 తెలంగాణకు అని 2015లో ఒక తాత్కాలిక ఏర్పాటు జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో నది పరీవాహక ప్రాంతం మూడింట రెండు వంతులకు పైగా మాదేనని తెలంగాణ అంటుంది. ప్రాజెక్టులు కట్టి, ఆయకట్టు స్థిరపడి, ఆ నీళ్ళ మీద ఊళ్ళు బతుకుతున్నాయని ఆంధ్రప్రదేశ్ అంటుంది. రెండు వాదనలూ హెల్సింకి జాబితాలో ఉన్నవే. 2004లో ఏర్పడిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కు కేంద్రం 2023 అక్టోబరులో ఈ పంపకాన్నీ అప్పగించింది.

నీళ్ళ తర్వాత తెలుగునాట అంత వేడి పుట్టించింది ఉద్యోగాలే. అక్కడా ఈ మాటే ఎదురవుతుంది. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు అంది. కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, ఆ ఏడాదే 32వ రాజ్యాంగ సవరణ వచ్చాయి. అలా చేరిన 371-డి అధికరణం, రాష్ట్రంలోని వేర్వేరు ప్రాంతాల ప్రజలకు ఉద్యోగాల్లో, చదువుల్లో ఎక్విటబుల్ అవకాశాలు కల్పించేలా రాష్ట్రపతి ఉత్తర్వు ఇవ్వొచ్చంది. ఈక్వల్ అనలేదు. ప్రభుత్వోద్యోగాల్లో పుట్టిన ఊరు చూడొద్దని 16వ అధికరణం సమానత్వం పేరుతోనే చెప్తుంది కాబట్టి, ప్రాంతం చూడాలంటే రాజ్యాంగంలోనే వేరే మాట కావాల్సి వచ్చింది.

1975 రాష్ట్రపతి ఉత్తర్వు ఆ మాటను అంకెల్లోకి దించింది. ఆరు జోన్లు. జిల్లా స్థాయి కింది పోస్టుల్లో 80 శాతం స్థానికులకు, జోనల్ నాన్ గెజిటెడ్ పోస్టుల్లో 70, కొన్ని గెజిటెడ్ పోస్టుల్లో 60. యూనివర్సిటీ సీట్లలో 85 శాతం స్థానికులకని అంతకుముందే 1974లో వచ్చిన మరో రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పింది. ఎంసెట్ కౌన్సెలింగ్‌కు వెళ్ళిన ప్రతి ఇంటికీ లోకల్, నాన్ లోకల్ అన్న మాటలు అక్కణ్ణుంచే వచ్చాయి. ఏ తరగతి ఎక్కడ చదివావని స్టడీ సర్టిఫికెట్లు ఏరుకుంటూ తిరిగిన తండ్రులకు, రాజ్యాంగంలోని ఒక విశేషణం తమను తిప్పుతోందని తెలియకపోవచ్చు.

రాష్ట్రం విడిపోయాక తెలంగాణ 2018లో తన ఉత్తర్వు తెచ్చుకుంది. ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లు, 95 శాతం స్థానికులకు. పాత ఉద్యోగులను ఈ కొత్త కేడర్లలో సర్దడానికి 2021 డిసెంబరులో 317వ నంబరు జీవో వచ్చింది. సీనియారిటీ ప్రకారం కోరుకున్న జిల్లా ఇస్తామన్నారు. సీనియర్లకు కోరుకున్న చోటు దొరికింది. జూనియర్లలో చాలామంది సొంత జిల్లా వదిలి వెళ్ళాల్సి వచ్చి టీచర్లు రోడ్డెక్కారు: స్థానికత కోసం తెచ్చిన ఉత్తర్వే మమ్మల్ని స్థానికేతరులను చేసిందన్నారు. సీనియారిటీ అందరికీ ఒకేలా వర్తించే కొలబద్ద అన్నది ప్రభుత్వ వాదన. భార్య ఒక జిల్లాకు, భర్త ఇంకో జిల్లాకు పడ్డ జంటల దరఖాస్తులు స్పౌజ్ కేసుల పేరుతో విడిగా పోగుపడ్డాయి. వాటిని ఒక్కొక్కటిగా చూసి సర్దుబాటు చేయాల్సి వచ్చింది.